దస్తావేజులు, వీలునామాల నుంచి వంశవృక్షం: మధ్యయుగపు ఇంగ్లండ్ దొరల కుటుంబాన్ని వెతికి పట్టుకునే పద్ధతి

ఇంగ్లండ్‌లో చర్చి పుస్తకాల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయడం 1538లో మొదలైంది. అంతకు ముందు కాలంలో ఎవరు ఎవరి బిడ్డో రాసిపెట్టే ఏర్పాటు లేదు. రాసిందంతా భూమి గురించే: ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఎవరి తర్వాత ఎవరికి పోవాలి. చుట్టరికం అందులో దారిలో తగిలే సమాచారం మాత్రమే. కాబట్టి ఇంటిపేరు పట్టుకుని వెతికితే దారి తప్పుతారు. ఒక మానర్‌ను, అంటే పొలాలు, కౌలుదార్లు, సొంత కోర్టు ఉన్న ఎస్టేటును ఎంచుకుని, అది ఏ చేతి నుంచి ఏ చేతికి మారిందో వరసగా రాసుకుంటూ పోతే కుటుంబం దానంతట అదే బయటపడుతుంది.

ఇంటిపేర్లను నమ్మకపోవడానికి గట్టి కారణమే ఉంది. 12, 13వ శతాబ్దాల్లో ఇద్దరు అన్నదమ్ములు రెండు వేర్వేరు ఊళ్ల పేర్లు పెట్టుకోవచ్చు. తల్లి వైపు ఆస్తి పెద్దదైతే పిల్లలు తల్లి ఇంటిపేరే తీసుకోవచ్చు. ఆగ్నెస్ డి పెర్సీ, లూవెన్ నుంచి వచ్చిన జోసెలిన్‌ను పెళ్లాడింది. వాళ్ల సంతానం పెర్సీలుగానే సాగింది. తండ్రి పేరుతో వెతికేవాడికి ఆ వంశం అక్కడితో తెగిపోయినట్టు కనిపిస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

పాత కాలం నుంచి ముందుకు రావద్దు. గట్టి సాక్ష్యం ఉన్న మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. అలాంటి సాక్ష్యం ఎక్కువగా మరణ విచారణ పత్రాల్లో దొరుకుతుంది. రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాడు చనిపోతే, ఎస్చీటర్ అనే అధికారి స్థానికులను జ్యూరీగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగేవాడు: ఏ భూములున్నాయి, ఎప్పుడు చనిపోయాడు, వారసుడెవరు, వాడి వయసెంత. 13వ శతాబ్దపు నాలుగో దశకం నుంచి ఇవి దొరుకుతాయి. లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సి 132 నుంచి సి 142 వరకు ఉన్న వరసలు ఇవే. చాలావాటికి ఇంగ్లిష్ సారాంశాలు అచ్చయ్యాయి.

ఆ మనిషికి వేర్వేరు కౌంటీల్లో భూములుంటే ఒక్కో కౌంటీలో ఒక్కో జ్యూరీ కూర్చుంది. అన్నీ తెప్పించుకుని చూడండి. ఒక జ్యూరీ వారసుడికి 24 ఏళ్లని చెప్తే, ఇంకొకటి 26 అంటుంది. "21 ఏళ్లు, ఆపైన" అని ఉంటే అది వయసు కాదు, మైనారిటీ తీరిందని చెప్పడమే. 30, 40 లాంటి గుండు లెక్కలు కూడా అంతే. వారసుడు మైనర్ అయితే మాత్రం వయసు కాస్త జాగ్రత్తగా చెప్పేవారు. మైనర్ భూముల ఆదాయం, పెళ్లి హక్కు సంరక్షకుడి చేతికి పోతాయి, అందులో డబ్బుంది.

ఇంకొక పరిమితి గుర్తుంచుకోండి. ఇక్కడ తేలేది ఆస్తికి వారసుడెవరన్నది మాత్రమే. పెద్ద కొడుకు ఉంటే మిగతా ఆరుగురు పిల్లల ఊసే ఉండదు. వాళ్లకోసమే వీలునామాలు, దస్తావేజులు కావాలి.

దస్తావేజును చదవడం

13వ శతాబ్దం వరకు ప్రైవేటు భూదాన పత్రాల్లో చాలావాటికి తేదీ ఉండదు. తేదీ వేయడం మామూలైంది 1300 ప్రాంతం తర్వాతే. "ఇప్పుడున్నవారూ ఇకపై రాబోయేవారూ తెలుసుకోవాలి" అన్న మొదటి వాక్యం నుంచి చివర సాక్షుల పట్టిక దాకా ప్రతి భాగంలోనూ చుట్టరికం దాగి ఉండే చోట్లున్నాయి.

మొదటిది ఆత్మశాంతి వాక్యం. మఠానికి భూమి ఇస్తూ దాత తల్లిదండ్రులు, భార్య, ఒక్కోసారి తాతముత్తాతల పేర్లు చెప్తాడు. "ప్రో సాల్యూటే" అని ఉన్నవారు సాధారణంగా బతికున్నవారు, "ప్రో ఆనిమా" అని ఉన్నవారు పోయినవారు. కానీ గుమస్తాలు ఈ తేడా ఎప్పుడూ పాటించలేదు. దీన్ని సూచనగా తీసుకోండి, రుజువుగా కాదు.

రెండోది సమ్మతి. "నా వారసుడు ఆడమ్ సమ్మతితో" అని 12వ శతాబ్దపు పత్రాల్లో తరచు వస్తుంది. ఆ వారసుడు కొడుకే కానక్కర్లేదు. దాతకు ఇంకా పిల్లలు లేనప్పుడు సోదరుడే వారసుడు. కొన్నేళ్ల తర్వాతి పత్రంలో సోదరుడు పోయి కొడుకు పేరు వస్తే, ఆ రెండు పత్రాల మధ్య కొడుకు పుట్టాడని లెక్క.

మూడోది, అన్నిటికంటే విలువైనది, ధృవీకరణ పత్రం. తండ్రి ఇచ్చినదాన్ని కొడుకు, కొడుకు ధృవీకరించినదాన్ని మనవడు మళ్లీ ధృవీకరించేవారు. "నా తండ్రి పత్రం చెప్తున్నట్టు" అన్న మాట అందులో ఉంటుంది. ఒకే పొలం మీద ఇలాంటివి మూడు దొరికితే నాలుగు తరాలు ఒక్క చోట నిలబడతాయి. మఠాల వాళ్లు ఇవి తప్పకుండా దాచుకున్నారు. తమ హక్కు నిలవాలి కదా.

పెళ్లికి ఇచ్చిన భూములది ఇంకో దారి. "ఇన్ లిబెరుమ్ మరిటాగియుమ్" అనే మాట కనిపిస్తే ఆగి చదవండి. అంటే పెళ్లికూతురితో పాటు ఇచ్చిన భూమి, మూడో వారసుడు వచ్చేదాకా దానిమీద ప్రభువుకు చేయాల్సిన సేవాభారం ఉండదు. ఇచ్చినవాడు తండ్రి కావచ్చు, తండ్రి పోతే సోదరుడూ కావచ్చు. 70 ఏళ్ల తర్వాత ఎక్కడో వేరే ఇంటిపేరు కుటుంబం చేతిలో మీ కుటుంబపు చిన్న పొలం ఒకటి కనిపిస్తే, మధ్యలో ఒక ఆడపిల్ల పెళ్లి ఉందేమో ముందు వెతకండి.

విధవ ఇచ్చిన పత్రంలో "నా శుద్ధ వైధవ్యంలో" అన్న మాట వస్తుంది. భర్త అప్పటికే పోయాడని, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదని అర్థం. తేదీ లేని పత్రానికి ఇది మంచి హద్దు. భర్త తన పోయిన భార్య భూమిని "ఇంగ్లండ్ చట్టం ప్రకారం" అనుభవిస్తున్నాడని ఉంటే అంతకంటే ఎక్కువే తెలుస్తుంది: భార్య చనిపోయింది, వాళ్లకు కనీసం ఒక బిడ్డ ప్రాణంతో పుట్టింది. బిడ్డ తర్వాత పోయినా ఈ హక్కు పోదు.

"మూడో వంతు" అని కనిపిస్తే మాత్రం తొందరపడకండి. విధవ మనోవర్తి భాగమూ మూడో వంతే, ముగ్గురు అక్కచెల్లెళ్లు పంచుకున్నా మూడో వంతే. మనోవర్తి అయితే "నోమినే డోటిస్" అని ఉండి, ఆమె తర్వాత వారసుడికి తిరిగి పోతుంది. వాటా అయితే ఆమె సంతానానికి దిగుతుంది.

తేదీ లేని పత్రానికి తేదీ కట్టడం

సాక్షుల పేర్లన్నీ ఒక పట్టికలో వేయండి. ప్రతి సాక్షి ఎదురుగా, ఆ పదవిలో లేదా ప్రాణంతో ఉన్న మొదటి, చివరి ఏళ్లు రాయండి. అందరి కాలాలూ కలిసే ముక్కే పత్రం కాలం. బిషప్పులు, మఠాధిపతులు, షెరిఫ్‌లు ముందుగా చూడాల్సినవాళ్లు. వాళ్ల పదవీకాలాల పట్టికలు అచ్చులో ఉన్నాయి.

ఇక్కడ జరిగే పొరపాటుకు లింకన్ మంచి ఉదాహరణ. సాక్షుల్లో "లింకన్ బిషప్ హ్యూ" అని ఉంటే 1186 నుంచి 1200 వరకు ఉన్న ఆవలాన్ హ్యూ కావచ్చు, 1209 నుంచి 1235 వరకు ఉన్న వెల్స్ హ్యూ కావచ్చు. పత్రాన్ని తప్పు హ్యూకి అంటగడితే కుటుంబంలో ఒక తరం మాయమవుతుంది, లేదా కొత్తగా పుట్టుకొస్తుంది. ఒక్క సాక్షితో తేదీ తేల్చకండి. కనీసం ముగ్గురు ఒకే కాలానికి ఒప్పుకోవాలి.

పత్రంలోని చట్టపు మాటలూ కాలం చెప్తాయి. 1290లో వచ్చిన చట్టం ప్రకారం ఆ ఏడాది నవంబర్ 30 నుంచి, శాశ్వతంగా భూమి అమ్మేవాడు కొన్నవాణ్ణి తన కింద పెట్టుకోవడానికి వీల్లేదు. అందుకే ఆ తర్వాతి శాశ్వత హక్కు పత్రాల్లో "ఆ భూమి ప్రధాన ప్రభువుల కింద అనుభవించాలి" అని వస్తుంది. "నా కింద, నా వారసుల కింద" అని ఉంటే 1290కి ముందుదని అనుకోవచ్చు. పెళ్లి ఏర్పాట్లలో, జీవితకాల హక్కుల్లో మాత్రం ఈ సూత్రం నడవదు.

తేదీ ఉన్న పత్రాలూ తిన్నగా ఉండవు. "మైకేల్‌మస్ తర్వాతి సోమవారం, మూడో ఎడ్వర్డ్ 12వ ఏట" అన్నదాన్నే తీసుకోండి. ఆ రాజు ఏడాది జనవరి 25న మొదలవుతుంది, పాలన మొదలైంది 1327లో. కాబట్టి 12వ ఏడు 1338 జనవరి 25 నుంచి 1339 జనవరి 24 వరకు. ఆ మధ్యలో వచ్చే మైకేల్‌మస్, అంటే సెయింట్ మైకేల్ పండుగ, 1338 సెప్టెంబర్ 29, మంగళవారం. తర్వాతి సోమవారం అక్టోబర్ 5. ప్రతి రాజుకూ ఏడాది మొదలయ్యే రోజు వేరు: మొదటి ఎడ్వర్డ్‌కు నవంబర్ 20, రెండో ఎడ్వర్డ్‌కు జూలై 8, రెండో రిచర్డ్‌కు జూన్ 22. క్రీస్తుశకం ఏడాది రాసిన చోట ఇంకో చిక్కు. అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న. పత్రంలో 1384 ఫిబ్రవరి 10 అని ఉంటే మన లెక్కలో 1385. వీలునామా తేదీకంటే ముందే అది కోర్టులో ధృవీకరణ అయినట్టు కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

చుట్టరికపు మాటలు

తెలుగులో రాసుకునేవాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మన భాష అన్నా తమ్ముడా, మేనమామా బాబాయా అని తేల్చమంటుంది. లాటిన్ ఆ బలవంతం పెట్టదు. "ఫ్రాటెర్" అని చూడగానే చేతిలో "తమ్ముడు" అని పడిపోతుంది, పదిరోజుల తర్వాత దాన్ని మీరే సాక్ష్యంగా నమ్ముతారు. వయసు క్రమం తేలేదాకా "సోదరుడు" అనే రాయండి. పక్కన అసలు లాటిన్ మాట తప్పకుండా ఉంచండి.

"ఫ్రాటెర్" సవతి సోదరుడూ కావచ్చు, బావమరిదీ కావచ్చు. "నెపోస్" మనవడా, సోదరుడి కొడుకా, సోదరి కొడుకా అన్నది సందర్భమే చెప్పాలి. "అవుంకులుస్" అంటే పుస్తకం ప్రకారం మేనమామ, కానీ తండ్రి సోదరుణ్ణీ అలాగే రాసిన పత్రాలున్నాయి. "గెనెర్" సాధారణంగా అల్లుడు. "కాన్సాంగ్వినియుస్" అంటే రక్తసంబంధి, అంతే. మరణ విచారణల్లో మనవణ్ణి కూడా ఆ మాటతో పిలిచారు. వీలునామాల్లో "నా కొడుకు" అల్లుడూ కావచ్చు, భార్య మొదటి పెళ్లి కొడుకూ కావచ్చు. "సీనియర్, జూనియర్" తండ్రీకొడుకులు కానక్కర్లేదు. బతికున్న ఇద్దరు అన్నదమ్ములకు ఒకే జాన్ పేరు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి.

పేర్ల పొట్టి రూపాలు ఇంకో తలనొప్పి. ఒట్టి "ఆర్" అక్షరం రాబర్ట్, రిచర్డ్, రోజర్, రాల్ఫ్, రెజినాల్డ్‌లలో ఎవరైనా కావచ్చు. అచ్చు ప్రతుల సంపాదకులు దాన్ని విప్పి పూర్తి పేరు వేసినప్పుడు కొన్ని చోట్ల ఊహించే వేశారు. మటిల్డా, మాడ్ ఒకే పేరు. ఇసబెల్, ఎలిజబెత్ కూడా అప్పట్లో ఒకే పేరుకు రెండు రూపాలు. క్లేర్ కుటుంబంలో ఇది నిజంగానే గండం: 1314 జూన్ 24న బానక్‌బర్న్ యుద్ధంలో చనిపోయిన గిల్బర్ట్ డి క్లేర్‌కు ఎలిజబెత్ అనే తోబుట్టువు ఉంది, తండ్రి మొదటి పెళ్లికి పుట్టిన ఇసబెల్లా అనే సవతి సోదరీ ఉంది. ఆస్తి పంచుకున్నది ఎలియనోర్, మార్గరెట్, ఎలిజబెత్ మాత్రమే. గిల్బర్ట్ భార్య మాడ్ తాను గర్భవతినని చెప్పడంతో ఆ పంపకం 1317 దాకా జరగలేదు.

ఆ ఎలిజబెతే పెళ్లితో ఎలిజబెత్ డి బర్గ్ అయ్యింది. స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ భార్య పేరూ ఎలిజబెత్ డి బర్గే, ఈమెకు ఆడబిడ్డ. ఈమె మనవరాలూ ఎలిజబెత్ డి బర్గే. సూచికలో పేరు చూసి ముగ్గురినీ ఒక్క మనిషిని చేస్తే ఎంత అందమైన తప్పు వృక్షం వస్తుందో ఊహించుకోండి. పేరు పక్కన భర్త, తండ్రి, భూమి, ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే ఇద్దరూ ఒకరేనని రాయండి.

ఆడపిల్లల వాటాల లెక్క

కొడుకుల్లో పెద్దవాడికే మొత్తం ఆస్తి. కొడుకులు లేకపోతే కూతుళ్లందరికీ సమానం. ఈ ఒక్క సూత్రం వల్ల భిన్నాలే వంశవృక్షం చెప్తాయి. విలియమ్ మార్షల్ ఐదుగురు కొడుకులూ ఒకరి తర్వాత ఒకరు వారసులు లేకుండా 1245 నాటికి పోయారు. ఆస్తి ఐదుగురు కూతుళ్ల వరసలకు ఐదు భాగాలైంది. వాళ్లలో సిబిల్ అప్పటికే లేదు, ఆమెకు ఏడుగురు కూతుళ్లు. అంటే ఒక్కొక్కరికి మొత్తంలో 35వ వంతు. ఎక్కడైనా ఒక మానర్‌లో 35వ వంతు, 15వ వంతు లాంటి వింత భిన్నం కనిపిస్తే దాన్ని గుణకాలుగా విడగొట్టండి: ఏ తరంలో ఎంతమంది ఆడపిల్లలున్నారో తెలుస్తుంది.

సగం రక్తం సంగతి కూడా ఇక్కడే. తండ్రి ఒకరే అయినా తల్లి వేరైతే, ఆస్తి అనుభవిస్తూ పోయిన సోదరుడికి సవతి సోదరుడు వారసుడు కాలేడు. తోడబుట్టిన చెల్లెలికే పోతుంది. భూమి అనుకోని చోటికి వెళ్లిందంటే తండ్రికి రెండు పెళ్లిళ్లేమో చూడండి.

వీలునామాలు

వీలునామాలో పెద్ద కొడుకు పేరు లేకపోతే లేడని కాదు. 1540 దాకా, కొన్ని పట్టణాల ఆస్తులు తప్ప, భూమిని వీలునామాతో ఇవ్వడానికి చట్టం ఒప్పుకోలేదు. భూమి దానంతట అదే వారసుడికి పోతుంది. వీలునామాలో పంచేది వెండి పాత్రలు, పరుపులు, గుర్రాలు, నగదు. అందుకే అందులో చిన్న కొడుకులు, కూతుళ్లు, పనివాళ్లే ఎక్కువ కనిపిస్తారు. భూమిని చిన్నవాళ్లకు ఇవ్వాలనుకున్నవాడు ముందే నమ్మకస్తుల పేర రాసి, వాళ్లకు తన కోరిక చెప్పేవాడు. కాబట్టి ఒక దొర తన భూమంతా నలుగురు లాయర్లకు, పూజారులకు రాసినట్టు కనిపిస్తే అమ్మేశాడని రాయకండి. కొద్ది రోజుల్లో వాళ్లే తిరిగి రాసిచ్చిన పత్రం కోసం వెతకండి. "అతనికీ అతని భార్యకూ, వాళ్ల కడుపున పుట్టిన వారసులకూ, వాళ్లు లేకపోతే సోదరుడు థామస్‌కు, ఆ తర్వాత..." అనే క్రమం అందులో ఉంటుంది. ఆ క్రమం చాలాసార్లు పుట్టిన వరసే.

పెద్ద ఆస్తిపరుల వీలునామాలకు రెండు చోట్లు ముఖ్యం. కాంటర్బరీ ఆర్చిబిషప్ కోర్టు నకళ్లు 1384 నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 వరసలో ఉన్నాయి. ఉత్తరాదివి 1389 నుంచి యార్క్‌లోని బోర్త్‌విక్ సంస్థలో ఉన్నాయి. అంతకు ముందువి, మధ్యలో జారినవి బిషప్పుల రిజిస్టర్లలో వెతకాలి.

చదివేటప్పుడు ఖననం అడిగిన చోటు మొదట చూడండి. "నా తండ్రి పక్కన", "నా మొదటి భార్య దగ్గర" అన్న మాటలు అక్కడే వస్తాయి. పెళ్లి ఖర్చుకు సొమ్ము కేటాయించిన కూతురికి ఇంకా పెళ్లి కాలేదు. భర్త ఇంటిపేరుతో పిలిచిన కూతురికి అయ్యింది. సన్యాసినుల మఠంలో ఉన్న కూతురు మరణ విచారణలో సాధారణంగా కనిపించదు, ఇక్కడ మాత్రం ఆమెకు ఒక ఉంగరమో పాతిక షిల్లింగులో దక్కుతాయి. వీలునామా రాసిన తేదీ, ధృవీకరణ తేదీ విడిగా రాసుకోండి. ఎలిజబెత్ డి బర్గ్ తన వీలునామా 1355 సెప్టెంబర్ 25న రాయించింది, చనిపోయింది 1360 నవంబర్ 4న. మధ్య ఐదేళ్లలో పోయినవాళ్లు అందులో బతికున్నట్టే ఉంటారు. పెళ్లయిన స్త్రీకి భర్త అనుమతి లేనిదే వీలునామా లేదు గనక, దొరికే స్త్రీల వీలునామాల్లో ఎక్కువ విధవలవే. రెండు మూడు పెళ్లిళ్ల పిల్లలు అందులో ఒకే చోట కలుస్తారు.

రాసుకునే తీరు, తప్పులు పట్టే తీరు

ఒక వ్యక్తికి ఒక పేజీ అని మొదలుపెడితే, ఇద్దరు రోజర్లను మొదటి రోజే కలిపేస్తారు. ఒక్కో పత్రంలోని ఒక్కో మాటకు ఒక వరస ఇవ్వండి. పత్రం సంఖ్య, అసలా నకలా, తేదీకి ముందు హద్దు, వెనక హద్దు, మొదటి వ్యక్తి, చుట్టరికానికి వాడిన అసలు మాట, రెండో వ్యక్తి, భూమి. చివరి గడిలో బలం: సూటిగా చెప్పినదానికి క, భూమి దిగిన తీరును బట్టి ఊహించినదానికి ఖ, తర్వాతి కాలపు కథనానికి గ. వ్యక్తులుగా కలపడం చివర చేసే పని.

మఠాల నకలు పుస్తకాల్లో సాక్షుల పట్టికను "మరికొందరు" అని కత్తిరించేయడం మామూలు. పత్రం పైన ఎర్ర సిరాతో రాసిన శీర్షిక వందేళ్ల తర్వాతి సన్యాసిది. అందులో "ఈ విలియమ్ పై హ్యూ కొడుకు" అని ఉన్నా, లోపలి పాఠంలో లేకపోతే గ కిందే వేయండి. మఠం వ్యవస్థాపకుల వంశకథలు, 16, 17వ శతాబ్దాల్లో హెరాల్డులు (వంశ చిహ్నాలను చూసే అధికారులు) ఇళ్లకు వెళ్లి రాసుకున్న వృక్షాలు కూడా అంతే. ఎక్కడ వెతకాలో చెప్తాయి, రుజువు చెయ్యవు. అసలు పత్రం దొరికితే మాత్రం ముద్రను చూడకుండా వదలకండి. స్త్రీ ముద్ర మీద భర్త చిహ్నం, తండ్రి చిహ్నం రెండూ ఉండవచ్చు. ఆమె పుట్టింటివారెవరో తెలిపే ఆధారం కొన్నిసార్లు అదొక్కటే.

చివరగా వృక్షాన్ని కాలంతో కొట్టి చూడండి. ఒకే రోజర్ 1195 నుంచి 1262 దాకా సాక్షిగా కనిపిస్తుంటే వాళ్లు ఇద్దరో ముగ్గురో. మధ్యలో భార్య పేరు మారిందా, ముద్ర మారిందా, "రోజర్ కొడుకు రోజర్" అని ఒక్కసారైనా వచ్చిందా చూసి అక్కడ కోయండి. చర్చి చట్టం ప్రకారం అమ్మాయికి 12, అబ్బాయికి 14 ఏళ్లకు పెళ్లి చెల్లుతుంది కనుక, చిన్న వయసు పెళ్లి తప్పు కాదు. తల్లి వయసు 50 దాటాక పుట్టిన బిడ్డ మాత్రం మీ వృక్షంలో ఒక సవతి తల్లి తప్పిపోయిందని చెప్తున్నట్టే. ఇద్దరు దగ్గరి చుట్టాల మధ్య పెళ్లి కనిపిస్తే పోపు అనుమతి కోసం వాటికన్ రిజిస్టర్ల సారాంశాల్లో వెతకండి. 1215 తర్వాత నాలుగో తరం దాకా చుట్టరికం ఉంటే అనుమతి కావాలి, ఆ పత్రంలో ఎన్నో తరమో రాసి ఉంటుంది. అనుమతి అడగకుండా పెళ్లి జరిగిపోయిందంటే, వాళ్లిద్దరికీ మీరు వేసిన ఉమ్మడి ముత్తాతను ఇంకోసారి పరీక్షించండి.